సాలు తలకాడ రాయి

బెరుకు కనబడితే లూదియా చెయ్యి ఆగదు. పన్నెండేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే. విత్తనం కోసం పెంచే చేలో ఒక మొక్క తక్కినవాటికంటే జానెడు ఎత్తున్నా, కంకి రంగు మారినా, ఆకులో తేడా వచ్చినా దాన్ని బెరుకు అంటారు. వేరుతో సహా పీకి గట్టున పడెయ్యాలి. వదిలేస్తే దాని గింజలు కలిసి విత్తనమంతా కల్తీ అయిపోతుంది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎవరు విత్తనపు చేను వేసినా ముందు లూదియాకే కబురొచ్చేది. మిగతా ఆడవాళ్లు సాలంతా నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ చూస్తేగానీ పట్టుకోలేని మొక్కను ఆమె గట్టు మీద నిలబడి చెప్పేసేది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కొంచెం గర్వం కూడా ఉంది, లేదని ఎందుకనాలి!

ఈ పనికొక పద్ధతుంది. పీకిన ప్రతి మొక్కకూ ఆ సాలు తలకాడ ఒక రాయి పెట్టాలి. సాయంత్రం ఫీల్డుమాను వచ్చి రాళ్లు లెక్కబెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. నల్లరేగడి చేలల్లో గోరంత రాయి కూడా దొరకదు కనుక, పొద్దున వచ్చేటప్పుడే రోడ్డు పక్క కంకర కుప్పలో గులకరాళ్లు ఏరి ఒడిలో కట్టుకొని రావాలి. కొత్తగా పనికొచ్చే ఆడపిల్లలు బరువని నాలుగు రాళ్లతో వచ్చి, సగం సాలు కాకముందే మళ్లీ రోడ్డుకు పరిగెత్తుతారు. లూదియా ఒడి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

ఆ గురువారం దిగింది కొర్రచేను. ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలో, సుబ్బరామయ్య శెట్టి దగ్గర నంద్యాల పరిశోధన ఆఫీసువాళ్లు కౌలుకు తీసుకున్న ఎకరన్నర. మొత్తం రెండు వందల సాళ్లు, సాలుకో చెక్క, చెక్క మీద నంబరు. ఫీల్డుమాను నాగేశ్వరరావు సైకిలు మీద వచ్చాడు. ఒక కాలు నేల మీద ఆనించి, రెండోది పెడలు మీదే ఉంచాడు.

"గడ్డి తీయండమ్మా. తక్కిన పని నీకు చెప్పేదేముంది లూదియమ్మా, తెలిసిందే గదా. శిరివెళ్ల కాడ మన బావి మోటారు కాలిపోయిందంట. నేను తొందరగా పోవాల" అన్నాడు. అంటూనే సైకిలు తిప్పేశాడు.

చేలోకి దిగిన పది నిమిషాలకే లూదియాకు ఒళ్లు మండిపోయింది. అదేం విత్తనం! ఒకచోట కాడ ఎర్రగా ఉంది. ఒకచోట కంకికి నూగే లేదు. ఇంకొకటి నడుము దాటి పెరిగి ఆకులే తప్ప కంకి వేయలేదు. ఒకదానికి కంకి కొస రెండుగా చీలింది.

"ఏంది వదినా ఇది? తలా ఒక తీరుగుండాయి" అంది పక్క సాలులో ఉన్న ఎస్తేరు. ఎస్తేరు ఆమె ఆడబిడ్డ. పనికి పోయినా, గుడికి పోయినా ఇద్దరూ కలిసే పోతారు.

"ఈ ఇత్తనం ఎవరు పట్టినారో గానీ, వాళ్ల చేతులు ఇరగ! కండ్లు మూసుకొని పట్టినారు" అంది లూదియా, ఒక ఎర్రకాడ మొక్కను పెళ్లగిస్తూ. ముందురోజు వానకు నేల మెత్తగా ఉంది. వేరు అడ్డం చెప్పకుండా వచ్చింది.

సాయంకాలానికి నూట నలభై సాళ్లు కావచ్చాయి. అప్పుడు, శెట్టిగారి తుమ్మచెట్టుకు ఎదురుగా ఉన్న సాలులో లూదియా కొంచెం నిలబడింది. సోమవారం కొట్టిన గాలికి ఆ సాలుసాలంతా ఒక పక్కకు ఒరిగి పడుకుంది. కొర్రకు ఉన్న జబ్బే అది. కంకి బరువయ్యే వేళకు గాలి కొడుతుంది, చేను పడుతుంది, తడికి గింజ మొలకెత్తి సగానికి సగం పోతుంది. లూదియా ఇంట్లో కూడా ప్రతి ఏడూ అదే కథ. ఆ పడిన వాటి మధ్యలో ఒక మొక్క మాత్రం నిటారుగా ఉంది. మోకాలెత్తే. కాడ బొటనవేలంత లావు. మూడు కంకులు. పక్కవన్నీ గింజ గట్టిపడక ఇంకా పాలమీదుంటే ఇది అప్పుడే పసుపు తిరిగింది.

"నీకేమొచ్చిందే, ఇంత చక్కంగుండావు?" అంది లూదియా దానితో.

చక్కగా ఉంటే మాత్రం? బెరుకు బెరుకే. పీకింది. ఎందుకో మనసొప్పక, దాని గుర్తుగా మామూలు గులకరాయి కాకుండా ఒడిలో అడుగున ఉన్న ఇటుకముక్క తీసి పెట్టింది. పీకిన మొక్కలు కూలివాళ్ల పశువులకు తీసుకుపోవచ్చునన్నది ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆదివారం ఏసు గుళ్లో కోత పండగ. తొలి కంకులు కట్టాలి. సొంత చేను పడిపోయి గబ్బు పట్టింది, దేవునికి ఏం కట్టేదా అని రెండు రోజులుగా దిగులుపడుతోంది. మూడు కంకులూ కొడవలితో కోసి కొంగున ముడి వేసుకుంది. మిగతా మొక్కలన్నీ గట్టున కుప్ప పోసి ఇంటిదారి పట్టారు. దారిలో గుడి దగ్గర ఆగి కంకులు అక్కడ ప్రార్థన చేయించే ఉపదేశి జకరయ్య చేతిలో పెట్టింది. ఆయన వాటిని గోడకు కట్టిన దండలో నడిమధ్యన కట్టాడు.

శుక్రవారం జీపు వచ్చింది. ప్రభావతి దిగింది. ఈ కొర్రచేను పని ఆమెది. నంద్యాలలో బట్టల అంగడి ఉన్న కోమట్ల అమ్మాయి, ముప్పై దాటలేదు, వ్యవసాయంలో పెద్ద చదువు చదివింది. కళ్లజోడు తుడుచుకుని పుస్తకం తెరిచి మొదటి సాలులో దిగింది. రెండో సాలు, మూడో సాలు. పదో సాలు దగ్గర నడక వేగం పెరిగింది. ఇరవయ్యో సాలు దగ్గర నిలబడిపోయింది.

ఆమె మొహం చూసి, చేను నచ్చిందనుకుంది లూదియా. పిచ్చిది! గట్టు మీంచి ముందుకొచ్చి మరీ చెప్పింది.

"అరవైఒక్కటి పీకినామమ్మా. ఈ పక్క ఒక్కటి మిగల్చలే. అద్దం మాదిరి చేసినాం. ఇంక ఆ అరవై సాళ్లుండాయి, ఈపొద్దు చేసేస్తాం."

ప్రభావతి పుస్తకం మూసేసింది. నల్లమట్టి గట్టు మీద, చీర సంగతి కూడా చూసుకోకుండా కూర్చుండిపోయింది.

"ఏవీ ఆ మొక్కలు?" అంది చివరకు.

"గట్టున కుప్ప ఏసింటిమి. శెట్టి ఎనుములు తినేసినాయి."

వెనకే నిలబడ్డ నాగేశ్వరరావుకు అప్పటికే చెమటలు కారుతున్నాయి. "గడ్డి మాత్రమే తీయమన్నా మేడం. బెరుకుల జోలికి పోవద్దని గట్టిగా చెప్పినా. వినే రకాలు కాదు వీళ్లు."

"యాడ చెప్తివప్పా?" లూదియా గొంతు లేచింది. "సైకిలు గూడా దిగలేదే నువ్వు! తక్కిన పని తెలిసిందే గదా అంటివి. ఎస్తేరు లేదా ఈడ? అడుగు."

"నోరు ముయ్యి. చెప్పింది చేయక ఎదురు మాటలా?"

ఎస్తేరు నేల చూపులు చూసింది. ఫీల్డుమానుకు ఎదురు చెప్తే రేపు పనికి పిలుపు రాదు.

ప్రభావతి కోప్పడలేదు. కోప్పడి ఉంటేనే బాగుండేదని లూదియాకు తర్వాత అనిపించింది. ఆమె అలసిపోయిన గొంతుతో చెప్పింది. "ఈ విత్తనాలను రెండేళ్ల కింద బొంబాయికి పంపించినాం. అక్కడ అణుకేంద్రంలో వీటి మీద కిరణాలు పడనిచ్చినారు. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీస్తారే, ఆ జాతివే, ఇంకా బలమైనవి. కిరణం పోతుంది, గింజలో ఏమీ మిగలదు. కానీ గింజలోపల ఒక మార్పు తెస్తుంది. నూటికి తొంభైతొమ్మిది మార్పులు పనికిరావు. ఒక్కటి మాత్రం గాలికి పడనిదో, ముందు పండేదో అవుతుంది. ఆ ఒక్కదాని కోసమే ఇంత చేను. నువ్వు కల్తీ అని పీకినవే నేను వెతికేవి."

లూదియాకు నిటారుగా నిలబడిన ఆ మొక్క కళ్ల ముందు మెదిలింది. చెప్పాలనుకుంది. నోరు తెరిచింది కూడా. అంతలో గట్టు అవతల శెట్టిగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి కనిపించాడు. ఆఫీసు చేలో కంకులు కోసుకుపోయానని ఈ నలుగురిలో చెబితే ఏమంటారు? పీకినందుకు మూర్ఖురాలయింది, కోసుకుపోయినందుకు దొంగవుతుంది. నోరు మూసుకుంది.

ప్రభావతి మిగిలిన అరవై సాళ్లలో గంటసేపు తిరిగింది. ఆమెకు కనబడినవి రెండే. వాటికి ఎర్రదారం కట్టి జీపెక్కుతూ, "అటు అరవై సాళ్లలో ఎవరూ కాలు పెట్టొద్దు. రేపటినుంచి వేరేవాళ్లను పెట్టండి" అంది నాగేశ్వరరావుతో. లూదియా వైపు చూడలేదు.

ఇంటికి పోయే దారిలో లూదియా ఒడిలో మిగిలిన రాళ్లు ఒక్కొక్కటే రోడ్డు మీద వదిలేసింది. పన్నెండేళ్లలో ఒక్క చేను కూడా ఆమె చెయ్యి వల్ల చెడలేదు. ఇప్పుడు నంద్యాల దాకా ఆమె పేరు ఇలా పోతుంది. ఎస్తేరు ఏదో సర్దిచెప్పబోతే, "నువ్వు మాట్లాడాకు" అంది.

శనివారం పొద్దున గుళ్లో ఆడవాళ్లు అలుకుతున్నారు. నాపరాళ్ల గోడల చిన్న గుడి. గోడకు కంకుల దండ, నడిమధ్యన మూడు పొట్టి కంకులు. దండలోని తక్కిన కంకులు అప్పుడే వాడి రంగు తిరిగాయి, ఆ మూడు మాత్రం పండి గట్టిగా ఉన్నాయి. లూదియా వాటినే చూస్తూ నిలబడింది. గింజ ఒకటి గోటితో నొక్కి చూసింది. రాయి మాదిరి ఉంది. అంటే మొలకెత్తుతుంది.

సంఘపెద్ద దేవదానం దుడుకుగా లోపలికి వచ్చాడు. ఎస్తేరు నోట్లో మాట దాగదు. రాత్రికే పల్లెంతా పాకింది.

"ఏమ్మే లూదియా, బాంబు గింజలంట గదా అవి! ఎడారిలో బాంబు పేల్చినారే నాలుగేండ్ల కింద, ఆ మందేనంట. పిల్లోల్లుండారు, కడుపుతో ఉండే ఆడోల్లుండారు. దేవుని ఇంట్లో కడ్తావా? జకరయ్యగారూ, తీసి పొయ్యిలో ఏయండి."

ఆడవాళ్లు చీపుర్లు కింద పెట్టేశారు. ఒకామె బిడ్డను చంకనెత్తుకుని వాకిట్లోకి జరిగింది.

లూదియాకు రెండు రోజుల మంట ఒక్కసారి పైకొచ్చింది. "దేవదానం మామా, నిరుడు దగ్గు పట్టుకుంటే నంద్యాల ఆసుపత్రిలో నీ రొమ్ముకు ఎక్స్‌రే తీసినారా లేదా?"

"తీసినారు. అయితే?"

"వీటి మీద పడింది గూడా ఆ జాతి కిరణాలేనంట. ఆయమ్మే చెప్పింది, పడి దాటి పోతాయంట, ఏమీ మిగలదంట. నీ ఒంట్లో బాంబుందా? ప్రతి ఆదివారం నీ పక్కనే గదా మేమందరం కూర్చోని పాడేది! నిన్ను గూడా పొయ్యిలో ఏస్తామా?"

బిడ్డనెత్తుకున్న ఆమే ముందు నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. దేవదానం తలగుడ్డ సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు.

నవ్వులు సద్దుమణిగాక లూదియా జకరయ్య దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, అవి నాకు కావాల. ఆయమ్మకు ఇచ్చేసి వస్తా."

"దేవునికిచ్చింది ఎనక్కి అడుగుతాండావా?" అన్నాడు దేవదానం, దొరికింది సందని.

జకరయ్య చెయ్యెత్తి ఆయన్ని ఆపాడు. ముసలాయన, మెల్లగా మాట్లాడతాడు. "నువ్వు చెప్పు లూదియా. ఇచ్చింది నువ్వే గదా."

"ఇచ్చినా అయ్యగారూ. నాదనుకొని ఇచ్చినా. అది నాది కాదు. ఆయమ్మ రెండేండ్ల కష్టం. తెలీక పీకినా, తెలీక కోసినా. ఇప్పుడు తెలిసి గూడా ఈడ ఉంచుకుంటే, అప్పుడయితాది దొంగతనం."

"వదినా, ఊరకుండు" అంది ఎస్తేరు ఆమె చెయ్యి పట్టుకుని. "ఆఫీసోల్లకెవరికీ తెల్దు గదా. నువ్వే పోయి చెప్తే ఆ ఫీల్డుమాను ఏమంటాడు? పోలీసుల్ని పిలుస్తాడు. నీతోపాటు మాకందరికీ పని పోతాది."

ఆ మాటలో అబద్ధం లేదు. లూదియా మళ్లీ దండ వైపు చూసింది. గుడి వాకిట్లో ఎండ మెట్టు దాకా వచ్చింది. పీకిన మొక్కను మళ్లీ నేలలో పెట్టి బతికించడం ఎవరి వల్లా కాదు. కానీ గింజలున్నాయే! గింజలుండగా నోరు మూసుకుని కూర్చుంటే, ఇంక తన చెయ్యి మీద తనకే నమ్మకం ఉండదు.

"నన్నంటే అననీలే. పోతా" అంది.

జకరయ్య బల్ల మీదకెక్కి దండలోంచి రెండు కంకులు విప్పాడు. మూడోదాన్ని ముట్టుకోలేదు. "నీది కాని కానుకతో దేవుడు ఏం చేసుకుంటాడమ్మా, తీసుకపో. ఈ ఒక్కటి ఉండనీ. ఇది ఆయమ్మ తరఫున కట్టిందనుకుందాం. పంట కోసం కష్టపడే మనిషి పేరు ఈ గోడ మీద ఉంటే తప్పేమీ లేదు." దేవదానం ఏదో అనబోయి, నవ్విన ఆడవాళ్ల వైపు చూసి, మానుకున్నాడు.

ఆదివారం పండగ అయింది. సోమవారం పొద్దున భర్త యాకోబు ఆమెను ఆళ్లగడ్డ బస్టాండు దాకా దిగబెట్టి, "భయపడాకు. అడిగింది చెప్పు, అంతే" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బస్సు శిరివెళ్లలో ఆగినప్పుడు ఒక క్షణం దిగి వెనక్కి పోదామా అనిపించింది. కిటికీ పక్కన ఎవరి కోళ్లబుట్టో అడ్డంగా ఉంది. దిగలేక కూర్చుంది. ఆ బుట్టకు ఎంత పుణ్యమో!

నంద్యాల ఆఫీసు వరండాలో చాలాసేపు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచేసరికి ప్రభావతి బల్ల ముందు నాగేశ్వరరావు కూడా ఉన్నాడు. ఆమెను చూడగానే అతని మొహం మాడింది.

లూదియా కొంగు ముడి విప్పింది. గుడ్డలో చుట్టిన రెండు కంకులు బల్ల మీద పెట్టింది.

"ఇవి నేను కోసుకపోయినమ్మా. ఆపొద్దు పీకిన మొక్కవే. పీకినవి మేం తీసుకపోయేది ఆనవాయితీ, అందుకని కోసినా. దొంగతనమంటే అనండి, పడతా. మోకాలెత్తుంటాది మొక్క. చుట్టూ అన్నీ పడిపోయినా ఇదొక్కటే నిలబడింది. పక్కవి పాలమీదుంటే ఇది పండింది. మూడు కంకులు. ఒకటి మా గుళ్లో ఉంది, మీ పేరు మీద కట్టినాడు మా అయ్యగారు."

"నా పేరు మీదా?" అంది ప్రభావతి. ఆ మాటకు జవాబు కోసం చూడకుండానే కంకి అందుకుంది. గుడ్డ మీద నాలుగు గింజలు నలిపి, పొట్టు ఊది, కళ్లజోడు పైకెత్తి దగ్గరగా చూసింది.

"ఏ సాలులోది ఇది? గుర్తుందా? కొంచెమన్నా?"

"గుర్తేందమ్మా? ఇటికముక్క పెట్టినా గదా."

"ఇటుకముక్క?"

"సాలు తలకాడ. అన్నిటికీ గులకరాళ్లు పెట్టినా, దీనికి ఇటికముక్క. తుమ్మచెట్టుకు ఎదురుగుంటాది."

ప్రభావతికి ఇంకా అర్థం కాలేదు. లూదియా రాళ్ల పద్ధతి అంతా చెప్పింది. ఒక మొక్కకు ఒక రాయి, ఏ సాలులో పీకితే ఆ సాలు తలకాడే, పన్నెండేళ్లుగా అదే. ఆమె చెబుతుంటే ప్రభావతి మెల్లగా కుర్చీలోంచి లేచింది.

"నాగేశ్వరరావుగారూ, ఆ రాళ్లు ఇంకా అక్కడున్నాయా?"

నాగేశ్వరరావు జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "ఉంటాయి మేడం. నేను... లెక్కబెట్టలేదు."

జీపులో లూదియా వెనక కూర్చుంది. ప్రభావతి ముందు సీట్లోంచి పదేపదే వెనక్కి తిరిగి ఆమెకు చెబుతూనే ఉంది. "ఒక్కో సాలు ఒక్కో కంకి గింజలు. అంటే ఒక తల్లి పిల్లలు. ఒక పిల్లలో మార్పు బయటపడిందంటే అదే సాలులో తక్కిన పిల్లల్లో కూడా అది దాగి ఉంటుంది. పైకి మామూలుగా కనబడతాయి, అంతే. ఏ సాలులో బయటపడిందో తెలిస్తే చాలు. ఆ సాళ్ల కంకులు వేరుగా కోసి, వచ్చే పంటకారుకు వేరుగా విత్తితే, నువ్వు పీకిన తేడాలు మళ్లీ బయటికొస్తాయి. ఏ సాళ్లో తెలీకనే నేను మూడు రోజులుగా అన్నం తినలేదు."

ఆదివారం పడిన వానకు చేను కడిగినట్టుంది. నల్లటి నేల మీద సాళ్ల తలకాడ తెల్లగా గులకరాళ్లు. ఒకచోట ఒకటి, ఒకచోట మూడు, పది సాళ్ల దాకా ఏమీ లేవు, మళ్లీ రెండు. ఆ నేలలో పుట్టిన రాయి ఒక్కటి కూడా లేదు గనుక పొరపాటుకు తావే లేదు. ప్రభావతి వంగి చెక్క మీద నంబరు చదివి, రాళ్ల లెక్క చెబుతూ పోయింది. నాగేశ్వరరావు రాసుకుంటూ పోయాడు. తుమ్మచెట్టు ఎదుట ఇటుకముక్క ఉంది. చెక్క మీద నూట ముప్పైఎనిమిది.

నూట నలభయ్యో చెక్క దగ్గర లెక్క కూడారు. అరవైఒకటి.

నాగేశ్వరరావు పెన్సిలు ఆగిపోయింది. తల ఎత్తకుండానే అన్నాడు. "మేడం, ఆపొద్దు నేను వీళ్లకు చెప్పలేదు. ఆ మోటారు తొందరలో మర్చిపోయినా. తక్కిన పని తెలిసిందే గదా అన్నా. లూదియమ్మ చెప్పిందే నిజం."

ప్రభావతి తల అడ్డంగా ఊపింది. "నేను మాత్రం వాళ్లకు చెప్పినానా? నెల కింద వచ్చినప్పుడు వీళ్లందరూ ఆ పక్క చేలోనే ఉన్నారు. మీకు ఒక్కరికి చెప్తే చాలనుకున్నా. కూలివాళ్లకు ఇదంతా ఎందుకనుకున్నా." తర్వాత లూదియా వైపు తిరిగింది. "మొన్న నీ మొహం చూడకుండా పోయినా. తప్పు నాది లూదియమ్మా."

లూదియాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కనబడకుండా మిగిలిన అరవై సాళ్ల వైపు చూసింది. చూసిందే గానీ, చూపు చెయ్యి లాంటిదే ఆమెకు, ఆగదు.

"అమ్మా, ఆడ మీరు కట్టిన దారాలు రెండేనా?"

"రెండే. గంటసేపు వెతికినా. ఎందుకు?"

"ఆ నాలుగో సాలులో చూడండి, ఆకు కొస మెలి తిరిగింది. అటుపక్క కంకి గుండ్రంగుంది. దాని ఎనకాల ఇంకోటి. ఆ చివర గూడా ఒక పొట్టిది నిలబడుండాది..." గట్టు మీంచి కదలకుండా చెబుతూ పోయింది. కొత్తగా తొమ్మిది లెక్క తేలాయి. ప్రభావతి ఒక్కోదాని దగ్గరకు పోయి, వంగి, దగ్గరగా చూసి గానీ నమ్మలేకపోయింది. ఆఖరిదాని దగ్గర గట్టిగా నవ్వేసింది.

వచ్చి, చేతిసంచిలోంచి ఎర్రదారం ఉండ తీసి లూదియా చేతిలో పెట్టింది. "ఇంక నువ్వు పీకొద్దు. కట్టు. ఈ కారుకూ, వచ్చే కారుకూ ఈ చేలో ఎవరు దిగాల్నో నువ్వే చెప్పు. నాగేశ్వరరావుగారూ, ఈ తొమ్మిదీ రాసేటప్పుడు గుర్తించినవారు అన్నచోట లూదియమ్మ పేరు రాయండి."

"ఎస్తేరును గూడా తీసుకుంటా" అంది లూదియా వెంటనే. "దాని నోరే మంచిది కాదు, చెయ్యి మంచిది."

చీర కుచ్చిళ్లు ఎగదోపి చేలోకి దిగింది. మొదట కట్టాలనుకున్నది చివరన ఉన్న ఆ పొట్టిదానికి. దగ్గరికి పోయి వంగగానే చెయ్యి దానంతటదే కాడ మొదట్లో చుట్టుకుంది. వేళ్లు బిగిశాయి కూడా. లూదియా అలాగే ఆగిపోయింది. పన్నెండేళ్లలో ఇలా చెయ్యి బిగించి ఎన్ని పీకి ఉంటుంది? వేలు. వాటిలో ఇలాంటివి ఎన్ని ఉండేవో, గాలికి నిలబడేవి ఎన్ని గట్టున పడి ఎనుముల పాలయ్యాయో, ఆమెకు తెలియదు. ఒక్కో వేలూ విడదీసి చెయ్యి తీసుకుంది.

దారం పంటితో తెంపి, కాడకు రెండు చుట్లు చుట్టి, మరీ బిగించకుండా ముడి వేసింది. లేచి, అలవాటు కొద్దీ సాలు తలకాడికి నడిచి, జీపు దిగినచోట కంకర కుప్పలో ఏరుకొచ్చిన గులకరాయి ఒకటి చెక్క పక్కన పెట్టింది. వెనక్కి తిరిగి చూస్తే మొక్క నిలబడే ఉంది.